క్లినిక్ పాంప్లెట్‌లో పోల్కా

2022లో మస్కట్ దగ్గర అల్ మవాలేలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ ఆపరేటర్‌గా చేరాను. మూడు నెలల ప్రొబేషన్. చేరిన కొత్తల్లోనే ఒక పెళ్లి కార్డులో వరుడి పేరు తప్పు కొట్టాను. ఇంకొక్క తప్పు దొర్లితే టికెట్ తీసి ఇంటికి పంపిస్తానని ముదీర్, అంటే మా మేనేజర్, చెప్పేశాడు. అప్పట్నించీ కళ్లలో వత్తులు వేసుకుని తప్పులు వెతికేవాణ్ణి.

ఒక గురువారం రెండు పనులు ఒకేసారి వచ్చాయి. ఒకటి క్లినిక్ పాంప్లెట్. దాని ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు కస్టమర్‌కి చూపించే నమూనా, అప్పటికే ఓకే అయింది. రెండోది ఆ సాయంత్రం జరిగే సంగీత కచేరీ కార్యక్రమ పత్రం. అది టైపు చేస్తుంటే మధ్యలో హై ఫీవర్ వాల్ట్జ్, జంపింగ్ పల్స్ పోల్కా, డబుల్ డోస్ పోల్కా అని తగిలాయి. వాల్ట్జ్, పోల్కా అంటే ఏవో కొత్త పరీక్షలనుకున్నాను. క్లినిక్ మేటర్ ఇందులో కలిసిపోయిందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆ మూడింటినీ తీసి పాంప్లెట్‌లో బ్లడ్ టెస్ట్ కింద పెట్టేశాను. ఎవరినీ అడగలేదు. పైగా ముదీర్ మెచ్చుకుంటాడని ఆశ కూడా.

మెషీన్ మీద ఉండే జగిత్యాల రాజన్న పాంప్లెట్ మొదటి కాపీ పట్టుకుని వచ్చాడు.

"తమ్మీ, నడుం నొస్తే నేను గీ క్లినిక్‌కే పోయిన. అన్ని టెస్టులు జేసిన్రు గని ఈ పోల్కా జెయ్యలే. ఏందిది?"

"కొత్తగా పెట్టుంటార్లే రాజన్నా."

"నడుముకు పనిజేస్తదా?"

ఇంతలో కచేరీ పత్రం ఇచ్చిన మేడమ్ ప్రూఫ్ చూడటానికి వచ్చింది. ఆవిడది ఆస్ట్రియా, ఇక్కడ వయొలిన్ నేర్పుతుంది. జాబితా చూసి, "నా మూడు డాన్సులు ఏవి?" అని ఇంగ్లీషులో అడిగింది. రాజన్న చేతిలోని పాంప్లెట్ చూపించాను. ఆవిడ కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

నూట యాభై ఏళ్ల కిందట వియన్నాలో డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్లు ఎవరికి వారు డాన్సు వేడుకలు పెట్టుకునేవారట. సంగీతకారులు వాళ్ల కోసం కొత్త బాణీలు కట్టి, వాళ్ల వృత్తిని ఆటపట్టిస్తూ పేర్లు పెట్టేవారట. ఈ మూడూ డాక్టర్ల వేడుకలకి కట్టినవట.

"ఇందులో మాటలుండవు. పేరు చదివే జనం నవ్వాలి," అంది మేడమ్.

నవ్వు విని ముదీర్ వచ్చాడు. దాచే వీలు లేదు, అంతా చెప్పేశాను. ఎన్ని అచ్చయ్యాయని రాజన్నని అడిగాడు.

"ఏక్ హీ, సాబ్," ఒక్కటేనన్నాడు.

ముదీర్ నావైపు తిరిగి హిందీలో అడిగాడు. "నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది సార్. అడిగితే పని రాదనుకుంటారని అడగలేదు."

"ఇరవై ఏళ్ల సర్వీసున్న రాజన్న అడిగాడు. నీకేం అడ్డొచ్చింది?"

పాడైంది ఒక్క కాపీయే కనక ప్రొబేషన్ ఇంకో నెల పొడిగించి వదిలేశాడు. నాలుగింటికల్లా రెండు పనులూ సరిచేసి ఇచ్చాం. తప్పు కాపీని మేడమ్ అడిగి మరీ పట్టుకెళ్లింది.

ఇప్పుడు తెలియని మాట కనపడితే ముందు కస్టమర్‌కి ఫోన్ చేస్తాను. ఇదీ తెలీదా అని కొందరు విసుక్కుంటారు. "తెలీదండీ, చెప్పండి," అంటాను. ఈ రెండు మాటలు అనడానికి సిగ్గుపడే ఆ రోజు ఉద్యోగం పోగొట్టుకోబోయాను.