నల్ల ఈగల గురించి నేను చదవని సగం

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, ప్రతి ఆదివారం కూకట్‌పల్లిలో మా హేతువాద మిత్రుల సభ జరిగేది. మాకొక నియమం ఉండేది. కిందటి వారం చెప్పినదాంట్లో తప్పుంటే, వక్త లేచి మైకులో ఒప్పుకోవాలి. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది నేనే.

ఒక ఆదివారం మహాసముద్ర ద్వీపాల్లోని నల్ల ఈగల గురించి మాట్లాడాను. నెత్తురు పీల్చే చిన్న ఈగలవి, పావు అంగుళం పొడవుంటాయని చెప్పాను. ఎప్పుడో గాలికి కొట్టుకొచ్చిన ఒకే జాతి నుంచి ఆ దీవుల్లో ఇన్ని జాతులు పుట్టాయని పుస్తకంలో చదివాను. "అన్నీ ఒక తల్లి పిల్లలే. ఇక స్థానికులెవరు, వలస వచ్చినవాళ్ళెవరు?" అన్నాను. చప్పట్లు మోగాయి. నేను కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. ఆ చప్పట్లు ఈగలకు కాదని నాకు తెలుసు.

వెనక వరసలో మా ఆఫీసు సెక్యూరిటీ గార్డు లేచాడు. పాలమూరు మనిషి. నేనే రమ్మన్నాను.

"సారూ, ఆ ఈగల పిల్లలు ఏడ బతుకుతయి?"

"పారే నీళ్ళలో, రాళ్ళను పట్టుకుని."

"మరి పైనోళ్ళు వాగును మలుపుకపోతే? ఒక్క తల్లి పిల్లలని నీళ్ళొస్తయా?"

"ఈగల సంగతి అడగవయ్యా. ప్రాజెక్టుల సంగతి ధర్నాలో అడుగు."

హాలంతా నవ్వింది.

"ఈగల సంగతే అడిగిన సారూ" అని కూర్చున్నాడు.

మర్నాడు హైటెక్ సిటీలో, ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని ఆ అధ్యాయం మళ్ళీ తెరిచాను. మొదటి సగం ఈగల చుట్టరికాలు. రెండో సగం వాటి నివాసాలు. నా వాదానికి పనికిరాదని ఆ సగం చదవకుండా వదిలేశాను. వాగును పొలాలకు మళ్ళించిన చోట, దిగువన ఈ ఈగలు ఉండవని అక్కడ రాసి ఉంది. చుట్టరికం వాటిని కాపాడలేదు. అతను అడిగింది అదే.

వారమంతా గేటు దగ్గర అతను నమస్తే పెడుతూనే ఉన్నాడు. నేను తల ఊపి లోపలికి పోయాను.

ఆదివారం అతను మళ్ళీ వచ్చాడు. నేను మైకు ముందుకు వెళ్ళాను. ఎదుట నిండా మా కోస్తావాళ్ళే.

"కిందటి వారం ఈగ పొడవు కాస్త ఎక్కువ చెప్పాను. క్షమించండి" అన్నాను.

"నిజాయితీ అంటే ఇదండీ" అన్నారు అధ్యక్షులు. అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు.