నూట పన్నెండో పేజీలో మిరపకాయ

ఏడు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఏ ఇంట్లో ఏ పొద్దున ఏం వండుకున్నారో ఆ దేశపు చక్రవర్తికైనా తెలియదేమో గాని, చిలకలూరిపేట పక్క పల్లెలో ఉన్న రెబ్కా టీచరుకు మాత్రం పొల్లుపోకుండా తెలుసు.

ఆవిడ మనవరాలు కెజియా రాసిన రచయిత్రి పరిచయం ఇలాగే మొదలవుతుంది. ఆదివారం చర్చిలో పుస్తకావిష్కరణ. ఇంటర్ రెండుసార్లు తప్పిన కెజియాకే పరిచయం చదివే పని అప్పగించారు. ఇంట్లో గట్టి గొంతు ఆ పిల్లదే మరి.

రెబ్కా మిరప కూలీల బిడ్డ. చిన్నప్పుడు జ్వరంతో మిషన్ ఆసుపత్రిలో నెల రోజులు పడుకుంటే, అక్కడి జర్మన్ నర్సమ్మ పక్కన కూర్చుని తన భాషలో బైబిలు చదివి వినిపించేది. జ్వరం పోయింది, భాష అంటుకుంది. పెద్దయ్యాక మిషన్ స్కూల్లో ముప్పై నాలుగేళ్లు చరిత్ర పాఠం చెప్పింది. సాయంత్రమైతే మాత్రం రైన్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో ఉండేది. నర్సమ్మ స్వదేశం వెళ్లాక పోస్టులో పంపిన, ఆ ఊరివే ఏడు వందల ఏళ్ల నాటి కోర్టు కాగితాల నకళ్లను భూతద్దం పెట్టి చదివేది. వాటిలో గ్రేటా అనే పనిపిల్ల సాక్ష్యం కనబడింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇరవై ఏళ్లు తిరిగి, ఆ ఊరి చరిత్రంతా తెలుగులో రాసింది. జర్మనీ మాత్రం చూడలేదు.

గురువారం పొద్దున కళ్లంలో ఇద్దరూ ఎర్రటి కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు.

"అమ్మమ్మా, మిరపకాయలు మనవి కావంట! పోర్చుగీసోళ్లు ఓడల్లో తెచ్చారంట. ఫోన్లో చూశా."

"ఎనిమిదో క్లాసులో నేనే చెప్పాను కదే మొద్దూ. అంతకు ముందు అమెరికాలో తప్ప ఎక్కడా..."

మాట అక్కడే ఆగిపోయింది. ఒళ్లో కాయలన్నీ జారి కింద పడ్డాయి. తన పుస్తకం నూట పన్నెండో పేజీలో గ్రేటా చూరుకు వేలాడే ఎండుమిరపకాయ తుంచి గంజిలోకి నంజుకుంది. కొలంబస్ పుట్టడానికి నూరేళ్ల ముందే!

పుస్తకం అచ్చవుతున్న ప్రెస్సుకని మనవరాలితో గుంటూరు బస్సెక్కింది. దారంతా ఆవిడకు ఒకటే ఆలోచన. ఆదివారం లెక్చరర్లయిన పాత శిష్యులు వస్తారు. ఆ పేజీ తిప్పుతారు. మిరపకాయ అబద్ధమైతే గ్రేటా మాత్రం నిజమని ఎందుకు నమ్మాలి? తెలుగులో ఆ పిల్ల పక్షాన మాట్లాడేది ఇదొక్క పుస్తకమే.

"పేజీల ఫారాలన్నీ అచ్చయిపోయినయ్ టీచరుగారూ. మళ్లీ వేస్తే ఆదివారానికి అందవు," అన్నాడు ప్రెస్సు బుల్లయ్య. "అయినా మిరపకాయ లేకుండా ఆ పిల్లకి గంజి ఎట్టా దిగుద్దండీ?"

"ఉప్పుకల్లేసుకుంటే దిగుద్ది. ఆ ఫారాలిటు పడెయ్యి."

మూడు వందల ప్రతులు. ప్రతిదాంట్లో రెండు వరుసలు. అమ్మమ్మా మనవరాలూ నేలమీద చతికిలబడి నల్ల పెన్నుతో కొట్టేయడం మొదలుపెట్టారు. మధ్యలో రెబ్కా టీచరు పెన్ను ఆగింది. కోర్టు కాగితంలో ఉన్నది 'పొద్దున గంజి తాగాను' అన్న ఒక్క ముక్కే. ఆ చూరు, ఆ కాయ, తుంచేటప్పుడు గింజలు విదిలించే ఆ తీరు తన తల్లి కొండమ్మవి. కాసేపు ఆ వరుసల మీద వేలు ఉంచింది. తర్వాత కాగితం చిరిగేంత గట్టిగా గీత గీసింది.

"పోనీ వదిలెయ్ అమ్మమ్మా, మనూళ్లో ఎవరు పట్టుకుంటారు?"

"ఇవాళ పొద్దుటి దాకా నేనే పట్టుకోలేదే. ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో అనే నా భయం."

చీకటి పడేలోపు మూడు వందలూ అయ్యాయి. కెజియా నల్లబడ్డ వేళ్లు ఊపుకుంటూ లేచింది.

"ఈ మిరపకాయ సంగతి కూడా పరిచయంలో రాసేస్తా. ఆదివారం అందరి ముందూ చదువుతా, చూసుకో!"

"రాయి. పేజీ నంబరు కూడా వెయ్యి. 'పొల్లుపోకుండా తెలుసు' అన్న నీ మొదటి వాక్యం మాత్రం కొట్టెయ్యి. దీనికంటే పెద్ద అబద్ధమది."