ఎర్ర సిరా

కుట్టుమిషను కోడలికి అప్పగించిన టైలరమ్మ, మెడలోని టేపును మాత్రం వదల్లేదు. దాంతోనే కాలేజీలో ఖగోళశాస్త్రం క్లాసుకు వెళుతుంది. ఊరికే కూర్చుని వినడానికే అనుమతి. మార్కులు లేవు, పట్టా అసలే లేదు. అయినా అందరికన్నా ముందొచ్చి మొదటి బెంచీ పట్టేస్తుంది. లెక్చరరు గ్రహాల దూరాలు చెబుతుంటే ఆమె వేళ్ళు టేపు మీద వాటంతటవే జరుగుతుంటాయి. పరీక్షనాడు మిగిలిపోయిన ప్రశ్నపత్రం ఒకటి అడిగి తీసుకుని, మూడు గంటలు తలెత్తకుండా రాసింది.

"మీ పేరు జాబితాలో లేదమ్మా, మార్కులు వెయ్యలేను," అన్నాడు లెక్చరరు.

"మార్కులెవరడిగారు బాబూ? అందరి పేపర్లలాగే దిద్దండి, ఎర్ర సిరాతో!"

ఆయన నవ్వి పేపరు తీసుకున్నాడు. దిద్దుతాడో లేదోనని వారం రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. పేపరు చేతికొచ్చిన రోజు మాత్రం చిన్నపిల్లలా ఇంటికి పరుగెత్తింది.

"చూడవే, పద్నాలుగు తప్పులు!"

"ఫస్టొచ్చినంత సంబరమేంటత్తయ్యా?" కోడలు మిషను ఆపింది.

"ఒక్క ముక్క వదలకుండా చదివాడే!"

చంద్రుడి దూరాన్ని ఆమె అంగుళాల్లో రాసిన చోట, "కిలోమీటర్లలో రాయాలి" అని ఎర్రగా ఉంది. దాని కిందే, ఇంకాస్త చిన్న అక్షరాల్లో: "లెక్కవేసి చూశాను. సరిపోయింది."