మాస్టారి పదకొండో పేజీ

మా షాపుకు వచ్చేవాళ్ళలో ప్రపంచం గురించి దిగులుపడేది మాస్టారు ఒక్కరే. మిగతావాళ్ళ దిగులంతా తమ సర్టిఫికెట్లు మసకగా వచ్చాయనే.

నాది జిరాక్స్ షాపు. రెండు మెషీన్లు, ఒక కౌంటరు, ఒక స్టూలు. ఆ స్టూలు మాస్టారిది. ఆయన లేనప్పుడు దాని మీద కాగితాల కట్టలు పెడతాను, ఆయన రాగానే అవి నేల మీదికి దిగుతాయి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. మాస్టారు అంటాం గానీ ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళ కోసం కరెంట్ అఫైర్స్ నోట్సు రాస్తారు. చట్టాల్లో వచ్చిన మార్పులు, దేశాల మధ్య పెత్తనం ఎటు జరుగుతోంది, అణ్వాయుధాల సంగతి, ఇలాంటివన్నీ.

ఆ పరీక్షను ఆయన పదకొండుసార్లు రాశారు. పదకొండుసార్లూ తప్పారు. "పాసయ్యాక చూద్దాం" అని పెళ్ళి వాయిదా వేసుకుంటూ పోయారు. పాసూ కాలేదు, చూడనూ లేదు. పరీక్షకు వయసు దాటిపోయిన వారంలోనే మొదటి కట్ట పట్టుకుని నా షాపుకు వచ్చారు. "చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరు కాకూడదు కదమ్మా" అన్నారు. అట్ట మీద చూస్తే, "తయారుచేసినవాడు: పదకొండుసార్లు పరీక్ష తప్పినవాడు" అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఇలా రాసుకుంటే మీ నోట్సు ఎవరు ముట్టుకుంటారు మాస్టారూ?"

"ఎక్కడెక్కడ కాలు జారుతుందో జారినవాడికే కదమ్మా తెలిసేది" అన్నారు.

నా మాట ఓడిపోయింది. ఆ ఏడాదే వందమంది తీసుకున్నారు. పాసైనవాళ్ళు కూడా చాలామందే ఉంటారు. కానీ పాసైనవాడు వెనక్కొచ్చి చెప్పిపోయిన పాపాన పోలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకాలే అంతా. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఎవరినీ ఏమీ అనలేదు. ఆ కోపం కూడా నేనే పడేదాన్ని.

ఆయన పని పద్ధతి వేరు. ఏడాదికోసారి నోట్సంతా చేత్తో రాస్తారు. ఆ తర్వాత ప్రపంచం మారినప్పుడల్లా పేజీ మార్చరు, మారిన లైను మీద చిన్న చీటీ రాసి అతికిస్తారు. పక్కనే అంచులో ఒక టిక్కు పెడతారు. ఒక కూటమిలోకి కొత్త దేశం చేరితే ఒక చీటీ. ఒక సెక్షను నంబరు మారితే ఇంకో చీటీ. కొన్నిచోట్ల చీటీ మీద చీటీ పడి అయిదారు పొరలు అయ్యేవి. పేజీ మీద చెయ్యి వేసి తడిమితే చాలు, ప్రపంచం ఎక్కడ కుదురుగా ఉందో ఎక్కడ లేదో వేళ్ళకు తెలిసిపోయేది. జిరాక్స్ తీస్తే ఆ చీటీల అంచులు సన్నటి బూడిదరంగు గీతల్లా పడేవి. "ఈ గీతలు పోయేలా తీస్తాను మాస్టారూ" అన్నాను ఒకసారి. "ఉండనీ అమ్మా. ఇక్కడ మారింది అని పిల్లలకు తెలియాలి" అన్నారు.

ఆ 'పిల్లల్లో' ఒకామెకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. మా షాపు పైగదిలో బట్టలు కుడుతుంది, టైలరమ్మ అంటాం. రెండుసార్లు పరీక్ష రాసి తప్పింది. మూడోది ఆఖరిది, ఆ తర్వాత ఆమెకూ వయసు దాటిపోతుంది. కుట్టుమిషను ఎదురుగా గోడకు మాస్టారి పేజీలు గుండుసూదులతో గుచ్చి, జాకెట్టు చేతులు కుడుతూ రాజ్యాంగం చదివేది. అర్థం కాకపోతే కిందకు దిగి వచ్చేది.

"మాస్టారూ, అణుభద్రత అని రెండుచోట్ల రెండు రకాలుగా రాశారు. రెండూ ఒకటి కాదా?"

"నీ కత్తెర ఉంది కదా తల్లీ. అది నీ వేలు తెగ్గొట్టకుండా చూసుకోవడం ఒక జాగ్రత్త. దాన్ని ఏ దొంగో ఎత్తుకుపోకుండా చూసుకోవడం ఇంకో జాగ్రత్త. ఒకటి ప్రమాదం నుంచి, రెండోది దుర్మార్గుడి నుంచి. పరీక్షలో రెండూ కలిపి కొట్టావో, పోయావే."

"మరి దేశాల పెత్తనం?"

"ఇంట్లో పెత్తనం అత్తగారి దగ్గర్నుంచి కోడలికి పోయిందని ఎవరూ దండోరా వెయ్యరు. తాళాలు ఎవరి కొంగున ఉన్నాయో చూడు. మాటలు వినకు, తాళాలు చూడు."

నాకు ఏ పరీక్షా లేకపోయినా ఇవన్నీ వచ్చేశాయి. మా ఆయన వార్తలు చూస్తుంటే నేను వంటింట్లోంచే తప్పులు పడుతున్నాను.

ఆ ఏడాది పరీక్ష ఆదివారం. గురువారం ఆఖరి కట్ట తీసి ఇచ్చాను, నూట అరవై కాపీలు. ఆ మధ్యాహ్నమే టైలరమ్మ తన కాపీ తీసుకుంది. శుక్రవారం పరీక్ష ఊళ్ళో ఉన్న అక్కగారింటికి బస్సెక్కింది. శనివారం మధ్యాహ్నం మెషీను ప్రతి కాగితం మీదా నల్లచార వేస్తుంటే మూత తీశాను. లోపల కాగితం లాగే రబ్బరు రోలరు వెనక ఒక చీటీ ఇరుక్కుని ఉంది. మాస్టారి అక్షరాలు. "ఈ ఒప్పందం గడువు తీరిపోయింది. దాని స్థానంలో కొత్తది కుదరలేదు."

షాపులోనే ఉన్న అసలు కట్టలోంచి పదకొండో పేజీ తీసి చూశాను. అణ్వాయుధాల లెక్కకు హద్దు పెడుతూ రెండు పెద్ద దేశాలు రాసుకున్న ఒప్పందం గురించిన లైను అది. చీటీ ఊడిపోయి, కింద ఉన్న పాత మాట బయటపడింది. "ఈ ఒప్పందం అమల్లో ఉంది." నూట అరవైమంది చేతుల్లో అదే ఉంది. వాళ్ళకు మాస్టారి మాట వేదం.

నిజం చెప్పాలంటే చీటీని డబ్బాలో పడేద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఎవరికి తెలుస్తుంది? కానీ పైగదిలో మూతపెట్టిన కుట్టుమిషను గుర్తొచ్చింది. షట్టరు దించి మాస్టారి గదికి పరుగెత్తాను.

ఆయన కిటికీ దగ్గర పేపరును ముక్కుకు ఆనించుకుని చదువుతున్నారు. చీటీ చేతిలో పెట్టి, "నా మెషీను మింగేసింది మాస్టారూ, చూసుకోలేదు, తప్పంతా నాదే" అని ఏడ్చేశాను. ఆయన చీటీని తిరగేసి వెనకవైపు వేలితో తడిమారు.

"జిగురు ఒక మూలే ఉందమ్మా. నీ మెషీనుది కాదు తప్పు. ఆరునెలల నుంచి జిగురు ఎక్కడ పడుతోందో నాకు కనిపించడం లేదు. చెబితే ఈ పని మాన్పించేస్తారని చెప్పలేదు."

పద్దెనిమిదేళ్ళుగా రోజూ చూసే మనిషి. ఆ కళ్ళ సంగతి నేను కనిపెట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోన్ గ్రూపులో సవరణ పెట్టాం. సాయంత్రానికి నూట యాభై తొమ్మిదిమంది చూశారు. చూడనిది టైలరమ్మ ఒక్కతే. పరీక్షకు మూడు రోజుల ముందు ఫోన్లు కట్టేసుకోవాలని నియమం పెట్టింది మాస్టారే. దాన్ని బుద్ధిగా పాటించింది ఆమె ఒక్కతే. అక్కగారిల్లు ఎక్కడో మాకు తెలియదు, పరీక్ష ఏ కాలేజీలోనో మాత్రం తెలుసు.

ఆదివారం మొదటి బస్సుకు బయల్దేరాం. దారి పొడుగునా మాస్టారు ఆ చీటీని గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నారు. "ఒక్క మార్కుతో పోతారమ్మా. నేను నాలుగుసార్లు ఒక్క మార్కుతోనే పోయాను. ఇది నా చేతిమీదుగా ఆ పిల్లకు జరగకూడదు" అన్నారు. నేను నీళ్ళసీసా ఇచ్చాను.

గేటు దగ్గర రెండొందలమంది. నేను తల ఎత్తి వెతుకుతున్నాను, ఆయన వచ్చే ప్రతి చీరనూ టైలరమ్మే అనుకుంటున్నారు. గేటు తెరవడానికి పావుగంట ఉందనగా ఆమే మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, మీరిద్దరూ ఇక్కడికి వచ్చారేంటి?"

"తల్లీ, పదకొండో పేజీలో..." అన్నారు మాస్టారు. ఊపిరి అందలేదు.

"ఆ ఒప్పందం గడువు తీరిపోయింది. అదేగా?" అంది.

మేమిద్దరం నోళ్ళు తెరిచాం. ఆమె నవ్వింది. "పక్కన మీ టిక్కు ఉంది మాస్టారూ. లైను చుట్టూ గీత లేదు. నేను కుట్టుపని దాన్ని. అతుకు వేశామని గుర్తు పెట్టిన చోట అతుకు లేకపోతే, అది ఊడిపోయిందనేగా అర్థం? శుక్రవారం బస్సెక్కేముందు లైబ్రరీలో కూర్చుని రెండు పాత పేపర్లు తిరగేశాను."

"నా రాతను నమ్మలేదన్నమాట" అన్నారు మాస్టారు.

"ఒకే కాగితాన్ని నమ్ముకోవద్దని మీరేగా చెప్పారు! ఫోన్ చేద్దామనుకున్నా, కానీ దాన్ని కూడా మీరే కట్టేయమన్నారు."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు. కళ్ళు తుడుచుకుంటుంటే, ఎండకు నీళ్ళు కారుతున్నాయని నేనే ఆమెకు అబద్ధం చెప్పాను. గేటు తెరిచారు, ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బయటికి వచ్చాక మొదటి మాట, "ఆ ప్రశ్న అసలు రానే లేదు మాస్టారూ" అంది. బస్సులో ముగ్గురం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

నాలుగు నెలలకు ఫలితాలొచ్చాయి. టైలరమ్మ పాసైంది. ఇప్పుడు కోర్టు ఆఫీసులో గుమాస్తా. కుట్టుమిషను మాత్రం అమ్మలేదు.

మాస్టారికి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప కనిపించవు. నోట్సు ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఏరు దాటినామె తెప్పను తగలెయ్యలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి పేపర్లు చదివి వినిపిస్తుంది, ఆయన చెబుతారు, ఆమె చీటీ రాసి నాలుగు మూలలా జిగురు పెట్టి అతికిస్తుంది. ఆయన వేళ్ళతో తడిమి చూసి సరే అంటారు.

మొన్న కొత్త ఏడాది కట్ట నా కౌంటరు మీద పెట్టారు. మాస్టారు స్టూలు మీద కూర్చుని అలవాటుగా మొదటి పేజీ నుంచి తడుముతున్నారు. అట్ట మీద చెయ్యి ఆగింది. పద్దెనిమిదేళ్ళలో ఆ అట్ట మీద చీటీ పడింది లేదు.

"ఇక్కడేం మారిందమ్మా?" అన్నారు.

టైలరమ్మ నా వైపు చూసింది. చదవమని సైగ చేసింది. నేను చదివాను.

"తయారుచేసినవాడు: పన్నెండోసారి పాసైనవాడు."

ఆయన ఆ చీటీ నాలుగు అంచులూ వేలితో ఒత్తారు, మళ్ళీ ఒత్తారు. ఎక్కడా లేవలేదు. ఆ కట్టను నేను మెషీనులోకి లాగించలేదు. ఒక్కొక్క పేజీనీ అద్దం మీద పెట్టి, చేత్తో తీశాను.