ఒక్కమాట మేడమ్

గ్రంథాలయంలో పత్రికల విభాగం చూసే ఆవిడను విద్యార్థులు ‘ఒక్కమాట మేడమ్’ అనేవారు. పరిశోధన వ్యాసాల కోసం డేటాబేస్‌లో బారెడు వాక్యం కొట్టి, ఏమీ దొరక్క తెల్లమొహం వేసినవాళ్లను ఆవిడ కసిరేది.

“ఇంత చాంతాడు దేనికి? అసలైన మాట ఒక్కటి చెప్పు, ఎక్కడున్నా లాక్కొస్తాను.”

అన్నంత పనీ చేసేది.

పక్షవాతం వచ్చాక ఆవిడ భర్తకు ఒక్క మాటే మిగిలింది: “అది.”

ఇవాళ పొద్దుటినుంచీ ఆయన ఆ మాటే అంటున్నాడు. ఆవిడ మంచినీళ్లు తెచ్చింది, కళ్లజోడు తెచ్చింది, కిటికీ తెరిచింది. ప్రతిదానికీ ఆయన తల అడ్డంగా ఊపాడు. చివరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆవిడ మంచం పక్కన కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఇంకొక్క మాట చెప్పండి. ఒక్కదాంతో నాకు దొరకట్లేదు.”