వేలి వేడికి ఊగిన అంకె

నాకు అక్షరాలొచ్చింది యాభై రెండో ఏట, అమెరికా వచ్చాక, ప్లేనో ఊళ్ళో లైబ్రరీ వాళ్ళు నడిపే క్లాసులో. అంతకుముందు ఎక్కడైనా వేలిముద్రే. అందుకే సంతకమంటే నాకు పట్టింపు. ఎవరేమనుకున్నా సరే.

ఆప్టికల్ ఫైబర్ ముక్కలు అతికించే చిన్న కంపెనీలో పని చేస్తాను. అతుకులు సరిచూసి సంతకం పెట్టేది నేనే. వెంట్రుకంత గాజుపోగు. అందులో కాంతి ఒకే దిక్కున ఊగుతూ పోవాలి. అందుకని పోగు మధ్యకు అటూ ఇటూ రెండు సన్నటి కడ్డీలుంటాయి, మైక్రోస్కోపులో రెండు కళ్ళలా కనిపిస్తాయి. అతికేటప్పుడు ఈ ముక్క కళ్ళూ ఆ ముక్క కళ్ళూ ఒకే వరసలో ఉండాలి. వంకరైతే కాంతి రెండుగా చీలిపోతుంది.

చీలడమంటే ఏమిటో చేరిన కొత్తలో మేనేజరు కాల్సైట్ స్ఫటికంతో చూపించాడు. అచ్చు కాగితం మీద పెడితే ప్రతి అక్షరమూ రెండయ్యేది. పైన, ఒక దిక్కున ఊగే కాంతినే వదిలే పోలరాయిడ్ అద్దం పెట్టి తిప్పితే ఒకటి మాయం, ఇంకాస్త తిప్పితే అది తిరిగొచ్చి రెండోది మాయం. ఒక్క అక్షరమే కష్టమైన రోజుల్లో రెండేసి చూశాను.

పోయిన ఏడాది కొత్తగా వచ్చిన ఇంజనీరు, మన తెలుగబ్బాయే, తొందరగా అవుతుందని అతికే మెషీన్‌లో కళ్ళు సరిచూసే దశ తీసేశాడు. ఇరవై అతుకులు చకచకా అయిపోయాయి. టెస్ట్ షీటు నా ముందు పెట్టాడు.

"లైట్ మొత్తం వస్తోంది కదా ఆంటీ, లాస్ లేదు. సైన్ చేసేయండి."

"వస్తోంది. ఏ దిక్కున ఊగుతూ వస్తోంది?"

నవ్వాడు. "ప్రొసీజర్ చదివారా ఆంటీ?"

"చదివాను. నీకు పది నిమిషాలు పట్టుంటుంది, నాకు మూడు రోజులు పట్టింది. ఎలా పరీక్షించాలో పదకొండో పేజీలో ఉంది, తీసి చూడు."

మీటరు ముందు పోలరాయిడ్ పెట్టి, అంకె బాగా తగ్గేదాకా తిప్పాను. అప్పుడు ఫైబర్‌ను రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను. అతుకు సరిగ్గా ఉంటే వేలి వేడికి అంకె కదలకూడదు, కాంతి చీలితేనే కదులుతుంది. పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది.

ఈ రోజే షిప్పింగ్ అన్నాడు. మేనేజర్‌ని పిలుస్తానన్నాడు, నా ఉద్యోగం సంగతి చూసుకోమన్నాడు. పిలవమన్నాను.

మేనేజరు వచ్చాక అతనికి చెప్పాను. "వేలిముద్ర వేసిన రోజుల్లో కాగితంలో ఏముందో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు. దీని కింద నా పేరు రాయను. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే ఇంటికి పోతాను."

అతను ఇంకో ముక్క తీసుకుని తన వేళ్ళతో పట్టుకున్నాడు. అంకె ఊగింది. ఇరవై అతుకులూ తెంపించాడు.

మర్నాడు మళ్ళీ అతికినవి ఒక్కొక్కటీ పట్టి చూశాను. పందొమ్మిదింటికి సంతకం పెట్టాను. ఇరవయ్యోదానికి అంకె కొంచెం కదిలింది. ఆ గడి ఖాళీగా వదిలి షీటు ఇచ్చేశాను. ఆ అబ్బాయి ఆ ముక్క పట్టుకుని మెషీన్ దగ్గరికి వెళ్ళాడు.