సుహైల్ పొడిచే దాకా

పెద్దనాయన పోయాడని రాయచోటి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను కువైట్‌లో, ఫర్వానియాలో పొయ్యి దగ్గరున్నాను. "పొద్దున్నే లేసి నీళ్లు తాగి మల్లా పండుకున్యాడక్కా, అంతే" అన్నాడు. పొయ్యి ఆపేసి అక్కడే కూర్చుండిపోయాను. ఆయన నాకు రక్తసంబంధి కాడు. వఫ్రాలో మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ తోటలో గొర్రెల్నీ జింకల్నీ చూసుకునే మనిషి. నేను ఆ ఇంట్లో పనిమనిషిని. ఇద్దరిదీ ఒకే తాలూకా అని తెలిసిన రోజున ఆయన నాకు పెద్దనాయన అయ్యాడు.

ఆ తోటలో కంచె వేసిన దొడ్డి ఒకటి, అందులో పదమూడు ఇసుక జింకలు. పూర్వం వీటి మందలు చలికాలానికి ముందు దక్షిణానికీ, వానలు పడ్డాక ఉత్తరాన పచ్చికకీ నడిచేవట. వేటగాళ్లు ఆ దారిలోనే కాపు కాసి మందల్ని తుడిచిపెట్టేశారు. ఇవి దొడ్డిలోనే పుట్టాయి. ఆ దారి ఎన్నడూ ఎరగవు. అయినా ఏటా సుహైల్ చుక్క, అదే మన అగస్త్య నక్షత్రం, పొడవగానే తెల్లవారుజామున దక్షిణపు కంచెకి మూతులు ఆనించి బారులు తీరేవి. "పంచాంగం వాటి కాళ్లల్లోనే ఉండాది అమ్మీ" అనేవాడు పెద్దనాయన. వాటి నీళ్ల తొట్టి నింపాకే తను టీ తాగేవాడు. చాదస్తమని నేను ఆటపట్టించేదాన్ని.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడ్డ రోజున మామా కుటుంబం తోటలోనే ఉంది. మామా అంటే మా యజమానురాలు. సరిహద్దు దగ్గరే కాబట్టి వాళ్లు ఒక్క కారులో ఇరుక్కుని సౌదీకి దాటిపోయారు. మా ఇద్దరికీ అందులో చోటు లేదు. వారం తిరక్కుండా సైనికులు వచ్చి గొర్రెలన్నిటినీ లారీకెక్కించారు. పోతూ పోతూ జింకల వైపు వేలు చూపించి నవ్వుకున్నారు.

ఆ నవ్వు చూశాక నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పెద్దనాయన గడ్డి కోతకు వెళ్లగానే గేటు తీసేశాను. పారిపోయి బతుకుతాయనుకున్నాను. అవెక్కడికీ పోలేదు. టమాటా మడుల చుట్టూ తిరిగి మళ్లీ తొట్టి దగ్గరికే వచ్చాయి. ఈలోగా రోడ్డున పోయే జీపులోంచి రెండింటిని కాల్చేశారు. పెద్దనాయన పరుగున వచ్చి మిగిలిన పదకొండింటినీ లోపలికి తోలాడు. తిడతాడని తల వంచుకున్నాను.

"నువ్వు గేటు తీస్తే పోవు అమ్మీ. కాలం తియ్యాల" అన్నాడు, అంతే.

అప్పటినుంచి పగలంతా వాటిని పాత కోళ్ల షెడ్డులో దాచేవాడు. తెల్లవారుజామున మాత్రం దొడ్డిలోకి వదిలేవాడు. ఒకరోజు ఫర్వానియా నుంచి, ఇళ్లకి పోయే మనవాళ్లని ఎక్కించుకునే లారీ వచ్చింది. "యల్లా, ఎక్కండి! మల్లా ఇంగో బండి వస్తాదో రాదో!" అని డ్రైవరు తొందరపెట్టాడు.

"నువ్వు పో అమ్మీ. సుక్క పొడిసేదాకా నేను రాలేను" అన్నాడు పెద్దనాయన.

నేనూ ఎక్కలేదు. అది ధైర్యం కాదు. ఆ రెండు జింకల పాపం నా కాళ్లు కదలనివ్వలేదు.

ఖర్జూరాలతో, ఎండు రొట్టెలతో నెట్టుకొచ్చాం. ఒక వేకువన ఆయన తలుపు తట్టాడు. "లెయ్, సూద్దువు రా." దక్షిణాన అంచు మీద చుక్క మెరుస్తోంది. పదకొండు జింకలూ కంచె దగ్గర అటే చూస్తూ నిలబడి ఉన్నాయి. పెద్దనాయన తీగలు కత్తిరించి పక్కకి తప్పుకున్నాడు. ముసలి ఆడజింక గాలి వాసన చూసి ముందడుగు వేసింది. మిగతావి దాని వెనకే కదిలాయి. పరుగు లేదు, బెదురు లేదు. పుట్టి ఎరగని దారిలో, రోజూ పోయే దారన్నట్టు నడిచి వెళ్లిపోయాయి. పెద్దనాయన రెండు చేతులూ జోడించాడు.

తర్వాత వెళ్లి తొట్టి నిండా నీళ్లు పట్టాడు.

"ఎవురికి పెద్దనాయనా?"

"వానలు పడినాంక ఇట్లే కదా తిరిగొచ్చేది. దప్పికైతాది."

ఇంకో లారీ దొరికింది. బస్రా, బాగ్దాద్, అమ్మాన్ మీదుగా ఇల్లు చేరాం. ఆయన మళ్లీ కువైట్ ముఖం చూడలేదు. మరుసటి ఏడు మామా పిలిస్తే నేను వచ్చాను. ఇరాక్ సైన్యం పోతూ పోతూ తగలబెట్టిన చమురు బావుల మసి తోటలో ఇసుక మీద కురిసి, గట్టిపడి నల్లటి పెచ్చు కట్టింది. ఆ పెచ్చులో గిట్టల జాడలు కనిపించాయి. కంచె తెగిన చోటు నుంచి లోపలికి వచ్చాయవి.

రాయచోటి ఎస్టీడీ బూత్‌కి ఆయన్ను పిలిపించి చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు. "తొట్లో నీళ్లుండెనా అమ్మీ?"

"నిండుగా ఉండాయి పెద్దనాయనా. వాన నీళ్లు" అన్నాను.

ఆయన బతికుండగా నిజం చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. తొట్టి అడుగున మసి తప్ప ఏమీ లేదు. ఆ జాడలు దాని చుట్టూ మూడు నాలుగుసార్లు తిరిగాయి. ఆ తర్వాత ఒకే వరసలో ఉత్తరానికి సాగిపోయాయి.